మూడో బావి అడిగిన బీడీ

“నాలుగింటికి హన్మాను కోర్టుకు పంపుతున్న. ఆడికెల్లి సీదా నల్గొండ జైలుకే. నడుమ నువ్వేం సూసుకుంటవో సూసుకుని కోదాడ బస్సెక్కు” అన్నాడు ఎస్సై రాందాస్.

మిల్లు ఆఫీసులో గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. యాకోబు గారు దాన్ని చూశారు, తన చేతి గడియారం చూసుకున్నారు. “మీ మిల్లు గడియారం రెండు నిమిషాలు ముందుందండీ” అన్నారు. అంతే. కోపం లేదు, గొంతు పెంచడం లేదు. అంత మాట పడి గడియారం సంగతి మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

యాకోబు గారంటే ఎవరో చెప్పాలి కదా. పన్నెండేళ్ళు హెడ్ కానిస్టేబులు చేశారు. ఒక కేసులో పైవాళ్ళు రాసిచ్చిన సాక్ష్యం చెప్పనని ఉద్యోగమే వదిలేశారు. కోదాడ బస్టాండు ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకుని పోయిన లారీలను, పారిపోయిన మనుషులను వెతికిపెడుతున్నారు. రాందాస్ కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు లాఠీ ఎట్లా పట్టుకోవాలో నేర్పింది ఈయనేనట. అందుకే ఎస్సైకి ఈయన్ను చూస్తే కంట్లో నలుసు పడినట్టు ఉంటుంది.

ఆయన్ను పిలిపించింది హన్మా పెళ్ళాం చాందీ. తెల్లవారి మొదటి బస్సుకే కోదాడ పోయి, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చింది. ఇప్పుడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా జీపులో బేడీలతో హన్మా. వాళ్ళిద్దరి మధ్య పది అడుగులు. నేను మాత్రం ఇద్దరి మొహాలూ చూడలేక నేల చూస్తున్నాను. ఎందుకంటే హన్మాను ఆ జీపెక్కించింది నా మాటే.

తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలం అది. మిర్యాలగూడ దగ్గర ఒక బియ్యం మిల్లు. ఏ మిల్లో పేరెందుకు లెండి. ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కల్లం మీద ఆరబోస్తారు. ఆరుగురం ఆడోళ్ళం పక్కపక్కన నిలబడి, కాళ్ళు ఈడుస్తూ, నాగలి సాళ్ళు దున్నినట్టు వడ్లను తిరగేస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. మళ్ళీ అక్కడి నుంచి ఇటు రావాలి. ఎండలో అది మాటలు లేకుండా అయ్యే పని కాదు. అందుకని నేను కథ చెప్పేదాన్ని, మిగతావాళ్ళు ఊ కొట్టేవాళ్ళు. ఏడు బావుల కథ. దాహంతో పడున్న తల్లికి నీళ్ళ కోసం ఒక పిల్ల ఏడు బావులకు పోతుంది. ఒక్కో బావి ఒక్కోటి అడుగుతుంది. కల్లం తిరగేయడానికి ఏడుసార్లు నడవాలి, కథలో ఏడు బావులున్నాయి. ఒక నడకకు ఒక బావి. నడక తెగితే బావి తెగుతుంది. ఏడో బావిలోంచి చెయ్యి వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుంటుంది. పిల్ల కేక వేస్తుంది.

ముందురోజు మధ్యాహ్నం నేను ఆ కథే చెబుతున్నాను. బాయిలర్ షెడ్డులోంచి నిజమైన కేక వినబడింది. తర్వాత చూస్తే బాయిలర్ పనివాడు బిచ్చా తల పగిలి పడున్నాడు. అతని తల ఒళ్ళో పెట్టుకుని, చేతుల నిండా నెత్తురుతో, మిల్లు లారీ నడిపే హన్మా. ఆ పొద్దునే ఇద్దరికీ పెద్ద లొల్లి అయింది, హన్మా మిరపనారును బిచ్చా బర్రె మేసిందని. ఇంకేం కావాలి? సేటు బిచ్చాను సూర్యాపేటలో తనకు తెలిసిన డాక్టరు దవాఖానకు పంపాడు. మిల్లు సూపర్‌వైజరు తులసీరాం సారు దగ్గరుండి తీసుకుపోయాడు.

“సుగుణమ్మక్కా, కేక వినబడ్డప్పుడు కథ ఎక్కడుంది?” అని యాకోబు గారు నన్ను అడిగారు.

“ఏడో బావి కాడ సారూ. పిల్ల కేకేసుడు, లోపల కేక వినబడుడు ఒకటేసారి.”

“నువ్వేమంటావ్, జానమ్మా?”

కల్లంలో నా పక్కన నడిచే జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏడో బావే సారూ. అందరం గదే చెప్పినం గద.”

“ఇన్నవా?” అన్నాడు ఎస్సై. “ఆరుగురికి ఆరుగురు. ఒంటిగంట సైరన్‌కు కథ మొదలు. ఒక్క నడకకు ఆరు నిమిషాలు. ఏడు నడకలంటే ఒకటీ నలభై రెండు. హన్మా లారీ రైలుగేటు కాడ ఆగింది, గేటు తెరిచింది ఒకటీ ముప్పై రెండుకు. గేటు రిజిస్టర్ నేనే సూసిన. ముప్పై అయిదుకు మిల్లుల దిగిండు. నలభై రెండుకు కేక. నలభై అయిదుకు గీళ్ళు సూసిన్రు, సేటు ఠాణకు ఫోన్ జేసిండు. ఇంక గీ సుగుణమ్మ సంగతి నీకు తెల్వది. ముప్పై ఏండ్ల కింద ఎవరి పెండ్లిల ఎన్ని బగోనల బువ్వ వండిన్రో చెప్తది. గామె మర్చిపోతదా?”

ఇంకో రోజైతే ఆ మాటకు నేను మురిసిపోయేదాన్ని.

యాకోబు గారు నా వైపు తిరిగారు. “మర్చిపోదండీ. అక్కా, కేక వినగానే ఏం చేశారు?”

“వెనక గేటులకెల్లి కాలువ గట్టుకు ఉరికినం.”

“షెడ్డులోకి పోలేదా?”

“బాయిలర్ కాడ అరుపినబడితే లోపలికి పోతరా ఎవలన్న? రెండేండ్ల కింద ఇంకో మిల్లుల పేలితే, ఏమైందని సూడవోయినోళ్ళే సచ్చిన్రు. మేం ముందు ఉరుకుతం, తర్వాత సూస్తం.”

“కాలువ దగ్గర ఎంతసేపున్నారు?”

“ఎంతసేపు సారూ? ఇట్ల పోయినం, అట్లొచ్చినం.”

“సరే. ఆ ఇట్లకూ అట్లకూ నడుమ ఏం చేశారు? కేసుకు పనికిరానివే చెప్పు. నాకవే కావాలి.”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. అప్పటికి ముప్పై ఏళ్ళుగా కథలు చెబుతున్నాను, పనికిరానివి చెప్పమని అడిగినవాళ్ళు లేరు. కళ్ళు మూసుకున్నాను. కాలువ నీళ్ళ వాసన వచ్చింది. “జానమ్మకు తుమ్మముల్లు దిగింది” అన్నాను. “మడిమెల ఇరిగిపోయింది. పిన్నుంటే తీద్దుము. లేకపాయె. ఇంకో తుమ్మముల్లు తెంపి, దాన్తోని తీసినం. లోపటికి పోయిందని అది ఒకటే ఏడుపు. నెత్తురొస్తే చీరపేలిక కట్టిన. మళ్ళ అందరం నీళ్ళు తాగినం...”

“ఇంకేమైనా?”

“ఇంకేం లేదు. పేలుతదేమో అని నిలబడ్డం. పేలలే.”

యాకోబు గారు ఎస్సైని చూసి చిన్నగా నవ్వారు. “మీ లెక్క ప్రకారం నలభై రెండుకు కేక, నలభై అయిదుకు వీళ్ళు తిరిగొచ్చి హన్మాను చూశారు. మూడు నిమిషాల్లో కాలువకు ఉరికి, ముల్లు తీసి, కట్టుకట్టి, నీళ్ళు తాగి, పేలుతుందేమోనని చూసి, తిరిగొచ్చారన్నమాట. రండి, కల్లం చూద్దాం.”

కల్లం దగ్గర సేటు తల పట్టుకుని ఉన్నాడు. వడ్లు పులిసిన వాసన వేస్తున్నాయి. “ఎస్సై సాబ్, నిన్నటి సంది ఎవ్వర్నీ కాలు పెట్టనియ్యకపోతివి. మాలంతా ఖరాబైంది” అని మొత్తుకున్నాడు.

“మంచిపని చేశారు ఎస్సై గారూ” అన్నారు యాకోబు గారు. వెటకారం కాదు, నిజంగానే అన్నారు. అంచున గొంతుకు కూర్చుని, తల వంచి, ఏటవాలుగా కల్లమంతా చూశారు. “అక్కా, పొద్దున తిరగేసినప్పుడు ఎటు నడిచారు?”

“పొడుగున. పొద్దున పొడుగున, పగటీలి అడ్డంగ. ఎప్పుడన్న గంతే. లేకుంటే అడుగువి ఆరవు.”

“అయితే ఈ అడ్డం సాళ్ళు మధ్యాహ్నానివే. లెక్కపెట్టు.”

ఆరుగురం పక్కపక్కన నడిస్తే పన్నెండు కాళ్ళ సాళ్ళు. ఒక పట్టీ లాగా పడతాయి. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో పట్టీ కల్లం మధ్య దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ వడ్లు చెల్లాచెదురై ఉన్నాయి, మేము ఉరికిన కాళ్ళ గుర్తులు. దాని అవతల పొద్దుటి పొడుగు సాళ్ళు, ఎవరూ ముట్టనట్టు, దువ్విన జుట్టు లాగా ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగున్నర.

ఏడో బావి దగ్గరికి మేము పోనేలేదు. ఐదో బావి పిల్లను నీ పేరిచ్చెయ్యి అంటుంది. పిల్ల ఆలోచిస్తూ నిలబడుతుంది. నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది, జానమ్మ ‘పేరిస్తే మళ్ళ తల్లి ఏమని పిలుస్తదే?’ అని అడిగింది కూడా.

యాకోబు గారు ఊరుకోలేదు. పక్కన ఖాళీ సిమెంటు మీద మమ్మల్ని కాళ్ళు ఈడుస్తూ నడవమన్నారు. కల్లం అడ్డం ఎంతో అంతే దూరం. ఐదో బావి కథ చెప్పమన్నారు. జానమ్మ భయపడి ఊ కొట్టడం మర్చిపోతే ఆయనే పక్కన నడుస్తూ “ఊ... ఊ...” అన్నారు. ప్యాంటు, బూట్లు, చేతిలో గడియారం, నోట్లో ఊ! ఒక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కొసకు చేరేసరికి సరిగ్గా ఆరు నిమిషాలు.

“నాలుగున్నర ఆర్లు ఇరవై ఏడు. కేక పడింది ఒకటీ ఇరవై ఏడుకు” అన్నారు. “అప్పుడు హన్మా ఎక్కడున్నాడండీ?”

జీపులోంచి హన్మా గొంతు వచ్చింది. “గేటుకవతల సారూ! నిన్నటి సంది గదే మొత్తుకుంటున్న. రాజీ పడదామని పోయిన, పోయేసరికి పడున్నడు. ఎవ్వలు ఇంటలేరు.”

“నువ్వు నోర్ముయ్!” అని ఎస్సై అరిచాడు. మొహం కందగడ్డ లాగా అయింది. “యాకోబూ, వడ్ల మీది గీతలు పట్టుకుని కోర్టుకు పోతవా? ఆరుగురు మనుషుల మాట అబద్ధమా? గీ ముసల్ది అబద్ధమాడుతుందా?”

అప్పటికి నాకు యాభై కూడా నిండలేదు. ముసల్ది అన్నందుకు బాధ లేదు. నేను చాందీ వైపు చూశాను. “సారూ, అబద్ధం ఆడలే. కానీ నేనే తప్పు చెప్పిన. ఎట్ల చెప్పిననో నాకే సమజ్ అయితలేదు” అని ఏడ్చేశాను.

యాకోబు గారు నా పక్కన కల్లం గట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు ఆయన చెప్పింది ఇప్పటికీ నా మనవరాళ్ళకు చెబుతుంటాను. “నీ జ్ఞాపకం చెడిపోలేదక్కా. నీ కథలో కేకకు ఒకటే ఇల్లుంది, ఏడో బావి. నిన్న వినబడ్డ కేక ఎక్కడ ఉండాలో తెలియక ఆ ఇంటికి పోయి కూర్చుంది. ఊ కొట్టినోళ్ళకూ ఆ కథే తెలుసు, వాళ్ళకూ అంతే అయింది. ఇక కాలువ గట్టున పద్దెనిమిది నిమిషాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగని సేపును కథ మోయదు, దారిలో దించేస్తుంది. పదహారేళ్ళుగా మనుషులను అడుగుతున్నాను. మొదలు బాగా చెబుతారు, చివర బాగా చెబుతారు. నడుమ ఉన్నది తవ్వాలి.”

చదువుకున్నవాళ్ళు ఎవరూ నాతో అట్లా మాట్లాడలేదు. నేను చెప్పే కథల లోపల ఏముందో నాకే చూపించినట్టు అనిపించింది.

“అక్కా, ఇంకొక్కటి. నిన్నటి కథలో ఎప్పుడూ లేనిది ఏదైనా పడిందా?”

నేను చెప్పేలోపే జానమ్మ ఫక్కున నవ్వింది. ఏడుపు మొహంతోనే నవ్వింది. “బీడీ సారూ!”

“ఏం బీడీ?”

“మూడో బావి పిల్ల జడ అడగాలె. నిన్న మేం మూడో బావి కాడ ఉన్నప్పుడు బిచ్చా షెడ్డులకెల్లి బయటికొచ్చి బీడీ ముట్టిచ్చిండు. గీమె ఊకుంటదా? మూడో బావి అన్నదట, ‘నీ జడ నాకెందుకే, బిచ్చా కాడ బీడీ ఉంది, గది తీసుకరా’ అని. ఇంక సూడు, నవ్వలేక సచ్చినం. బిచ్చా సుత నవ్వి, ‘ఇదిగో తీస్కో’ అని ఒక బీడీ కల్లం మీదికి ఇసిరిండు.”

యాకోబు గారు మిగతా నలుగురినీ ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడిగారు. నలుగురూ బీడీయే చెప్పారు. ఒకామె అయితే మళ్ళీ నవ్వింది కూడా. మూడో పట్టీలో వంగి వెతికితే వడ్ల కింద ముట్టించని బీడీ దొరికింది.

“ఎస్సై గారూ, ఆ సమయానికి కల్లం దగ్గర ఇంకెవరైనా ఉన్నారా?”

“ఉన్నడు. తులసీరాం” అని ఎస్సై ఫైలు తెరిచాడు. గెలిచినట్టు గొంతు పెంచి చదివాడు. “ఇను. సాక్షి అంటే గిట్లుండాలె. ‘నేను ఒంటిగంట సైరను మొదలు కేక వినబడు వరకు కల్లము అంచున నిలబడి ఆడవారి పనిని చూచుచు కథ వినుచుంటిని. మొదటి బావి కడియము, రెండవ బావి ముక్కుపుల్ల, మూడవ బావి జడ అడుగగా...’”

అక్కడ ఆగిపోయాడు.

ఎస్సై ఆ లైను మీద వేలు పెట్టి మళ్ళీ లోపల్లోపల చదువుకున్నాడు.

“ఇక్కడ నిలబడ్డవాడెవడూ ఆరుగురి నవ్వు మర్చిపోయి జడ గుర్తుపెట్టుకోడు” అన్నారు యాకోబు గారు మెల్లగా. “అతను విన్నది నిన్నటి కథ కాదు. మిల్లులో అందరూ ఎప్పుడూ వినే కథ. అది తిన్నగా ఒప్పజెప్పాడు.”

“కేక ఇన్నంక ఆడోళ్ళతోని కాలువ కాడికి ఉరికిన అన్నడు గద” అన్నాడు ఎస్సై. ఇప్పుడు ఆ గొంతులో గెలుపు లేదు.

ఆ మాటతో నా లోపల ఏదో కదిలింది. పిన్ను. “సారూ! జానమ్మకు ముల్లు దిగినప్పుడు, ‘తులసీరాం సారు జేబుకు ఎప్పుడు పిన్నుంటది, సారు యాడ?’ అని నేనే అడిగిన. అందరం అటిటు సూసినం. సారు లేడు. అందుకే గద ముల్లుతోని ముల్లు తీసింది!”

లేని మనిషిని గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఉన్నవాళ్ళే కథలో ఉంటారు. లేనివాడిని ఎవరు చెబుతారు?

యాకోబు గారు జీపు దగ్గరికి పోయారు. “హన్మా, బిచ్చాకూ తులసీరాంకూ ఏమైనా ఉందా?”

“నాకు తెల్వది సారూ... బాయిలర్ మీద ఆవిరి జోరు సూపే గడియారం చెడిపోయిందని బిచ్చా రెండు నెలల సంది చెప్తుండు. బాగ చేయించిన అని తులసీరాం సారు సేటుకు చెప్పిండట. చేయించలే. సోమవారం బాయిలర్ ఇన్‌స్పెక్టరొస్తే మొకం మీదనే చెప్త అన్నడు బిచ్చా.”

సేటు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. “చెయ్యలేదా? ఇంతమంది ఆడోళ్ళు పక్కనే పని చేస్తుంటే...”

ఎస్సై రాందాస్ కొంచెం సేపు జీపు వైపు, కొంచెం సేపు కల్లం వైపు చూశాడు. తర్వాత, నేను అనుకోలేదు, తనే పోయి హన్మా చేతుల బేడీ తీశాడు. తీస్తూ యాకోబు గారి మొహం చూడలేదు. “లాఠీ పట్టుకునుడు నేర్పితివి. గిది నేర్పకపోతివి” అన్నాడు.

“అడగలేదు కదండీ మీరు” అన్నారు యాకోబు గారు. వెంటనే ఆయన మొహం మారిపోయింది. “తులసీరాం ఇప్పుడెక్కడున్నాడు?”

చాందీ లేచి నిలబడింది. “సూర్యాపేటల. బిచ్చా మంచం కాడ.”

“బిచ్చాకు పొద్దున తెలివొచ్చిందని ఫోనొచ్చింది” అన్నాడు ఎస్సై. “ఎవ్వర్నీ కలవనియ్యొద్దు, నువ్వొక్కనివే ఉండు అని తులసీరాంకు నేనే చెప్పిన.”

అందరం ఆఫీసులోకి ఉరికాం. గడియారంలో ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. నిజానికి ఇంకో రెండు నిమిషాలు తక్కువ. సూర్యాపేట పోవాలంటే జీపులో గంట. ఎస్సై ఫోను తిప్పాడు. తగల్లేదు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి తగిలింది. యాకోబు గారు రిసీవరు అందుకుని, మేమూ వినేటట్టు కొంచెం దూరంగా పట్టుకున్నారు.

నర్సమ్మ గొంతు హుషారుగా ఉంది. “బిచ్చానా? మంచిగనే మాట్లాడుతుండు సార్. ఒక్కటే మాట. ‘మూడో బావికి బీడీ ఇచ్చిన’ అంటడు, నవ్వుతడు. మాకేం సమజ్ కాలే. మీ సూపర్‌వైజరు సారుకూ సమజ్ కాలే. ‘ఏం బావిరా, ఏం బీడీరా’ అని నాలుగుసార్లు అడిగిండు పాపం. ఇప్పుడేమో, తిక్క మాటలు మాట్లాడుతుండు, నేను పండుకోబెడ్త, ఎవ్వరు రావొద్దు అని లోపల గడియ పెట్టుకున్నడు.”

“తలుపు పగలగొట్టండి!” యాకోబు గారు అరిచారు. ఆయన అరవగా వినడం అదే మొదటిసారి. “అమ్మా, మీ మనుషులందర్నీ పిలిచి తలుపు పగలగొట్టండి! ఇప్పుడే!”

ఆమె ఫోను పెట్టేయలేదు. రిసీవరు బల్ల మీద పడేసి ఉరికినట్టుంది. అరుపులు వినబడ్డాయి, ఉరుకులు వినబడ్డాయి. తలుపు బాదడం మొదలైంది. దూరం నుంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక్కో దెబ్బ. చాందీ హన్మా చెయ్యి పట్టుకుంది. జానమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. నేను దెబ్బలు లెక్కపెట్టాను. తలుపు విరిగిన చప్పుడు, వెంటనే లోపలి నుంచి కేక వచ్చింది.

ఎన్నో దెబ్బకు వచ్చిందని మాత్రం నన్ను అడగకండి. నా చెవికి ఏడో దెబ్బకే వచ్చినట్టుంది, అందుకే ప్రమాణం చేయను. కానీ ఆ గొంతు మీద ప్రమాణం చేస్తాను. అది బిచ్చాది కాదు. ‘కాళ్ళు గట్టిగ ఈడ్వండే’ అని రెండేళ్ళుగా మమ్మల్ని కల్లం అంచున నిలబడి కసిరిన సూపర్‌వైజరు గొంతు అది.